గడప దాటిన తరువాతి లెక్క: విడాకుల కథనాల్లో జీవనభృతి, సంతాన పోషణ – దర్శి మెట్ట నేపథ్యంలో పునఃపఠనం

వ్యాససంగ్రహం: పెళ్లిలో చేతులు మారే ధనాన్ని గురించి తెలుగు సాహిత్యం నూరేళ్లకు పైగా రాస్తూ వచ్చింది. పెళ్లి విచ్ఛిన్నమైనప్పుడు తేలవలసిన ధనాన్ని గురించి, ఆ తరువాత బిడ్డల పోషణను గురించి అంత శ్రద్ధ చూపలేదు. ఎంపిక చేసిన కొన్ని నాటక, నవల, కథ, చలనచిత్ర పాఠాలను ప్రకాశం జిల్లా దర్శి ప్రాంతపు వ్యవసాయ కుటుంబాల స్థితిగతులతోను, సుప్రీంకోర్టు 2020లో నిర్దేశించిన ఆస్తి అప్పుల అఫిడవిట్‌తోను కలిపి చదివి, నెలజీతం అనే ఊహ మన కథనాన్ని ఎలా పరిమితం చేసిందో ఈ వ్యాసం చర్చిస్తుంది.

కీలకపదాలు: విడాకులు, మనోవర్తి, సంతాన సంరక్షణ, స్త్రీధనం, స్త్రీవాద కథనం, మెట్ట వ్యవసాయం, దర్శి

1. ప్రవేశిక:

ఆధునిక తెలుగు నాటకం పెళ్లి బేరంతోనే పేరు తెచ్చుకున్నది. గురజాడ అప్పారావు 'కన్యాశుల్కం' 1892లో ప్రదర్శితమై 1897లో అచ్చయింది. ఆడపిల్లకు కట్టిన వెల దాని ఇతివృత్తం. తరువాతి కాలంలో ఆ వెల తిరగబడింది. కాళ్లకూరి నారాయణరావు 'వరవిక్రయం'లో మగపిల్లవాడికి ధర పలికింది. డబ్బిచ్చి కొన్న వరుడు కొన్నవారి ఇంటికే రావాలని వాదించే కమల, బేరం తర్కాన్ని బేరమాడినవారి మీదికే తిప్పికొడుతుంది. ఈ రెండు నాటకాలనూ పాఠ్యాంశాలుగా చదువుకున్న విద్యార్థికి పెళ్లి వెనుక ఉన్న ధనసంబంధం బాగానే బోధపడుతుంది.

పెళ్లి పెటాకులైన నాటి లెక్క సంగతి వేరు. ఇచ్చిన కట్నం ఏమైంది, పెట్టిన బంగారం ఎవరి చేతిలో ఉంది, ఆమె ఇకమీదట ఏ ఇంట్లో ఉంటుంది, జూన్ నెలలో పిల్లల ఫీజు ఎవరు కడతారు అనే ప్రశ్నలకు సాహిత్యంలో జవాబు వెతికితే అక్కడొక వాక్యం, ఇక్కడొక సంభాషణ దొరుకుతాయి. భాషకు మాటల కరువు లేదు. మనోవర్తి, భరణం, జీవనభృతి అని మూడు మాటలున్నాయి. విడాకులు అనే మాటలోనే 'ఆకు' అంటే పత్రం ఉంది. ఇన్ని మాటలున్నా అవి కథనంలోకి ఎందుకు రాలేదన్నదే ఈ వ్యాసం ఎత్తుకున్న ప్రశ్న. తెలుగు కథనాలన్నింటినీ ఇక్కడ పరిశీలించడం లేదు. బోధనలోను, జనసామాన్యంలోను బాగా ప్రచారం పొందిన కొన్నింటికే పరిశీలన పరిమితం.

2. గడప దగ్గర ఆగిన కథనం:

దాంపత్యాన్ని విడిచిపెట్టే స్త్రీని తెలుగు వచనం చూసింది చలం 'మైదానం'లో. రాజేశ్వరి ప్లీడరు భర్తను వదిలి అమీర్‌తో వెళ్లిపోతుంది. ఈ నవలను గురించిన చర్చ అంతా ఆమె వెళ్లడం న్యాయమా కాదా అన్నదాని చుట్టూ తిరిగింది. అందులో గర్భం ఏ స్థానంలో ఉందన్నది తక్కువగా చర్చకు వచ్చింది. అమీర్ బిడ్డను కోరడు. ప్రేమకు గర్భం అడ్డంకిగానే అక్కడ నిలుస్తుంది. స్వేచ్ఛను అంత తీవ్రంగా ఊహించిన పాఠంలో పసిబిడ్డకు చోటు లేకపోయింది. అదే చలం 'బిడ్డల శిక్షణ' రాశాడు. పిల్లలను గురించి ఆయనకున్నంత సూక్ష్మదృష్టి ఆ కాలంలో అరుదు. అయినా ఆ రెండు ఆలోచనలు రెండు పుస్తకాలుగానే ఉండిపోయాయి. ఇల్లు విడిచిన తల్లి బిడ్డను ఎలా పెంచుతుందన్న ప్రశ్న ఆ రెండింటి నడుమ ఖాళీలో పడిపోయింది.

ఓల్గా 'స్వేచ్ఛ' (1987) నాటికి పరిస్థితి మారింది. అరుణ చదువుకున్న స్త్రీ. ఆమె సమస్య కొట్టే భర్త కాదు, తాగే భర్త కాదు. మర్యాదస్తుడైన భర్తతో కూడా ఊపిరాడని సంసారం. ఆ సమస్యను గుర్తించడమే ఆ నవల సాధించిన పెద్ద విజయం. దాని మీద వచ్చిన ఆగ్రహమంతా 'కష్టమేముందని వెళ్లింది?' అన్న ప్రశ్నలో ఇమిడి ఉంది. అయితే ఆ నిర్ణయం సాధ్యం కావడానికి చదువు, సంపాదన, పట్టణం అనే మూడు ఆధారాలు కావాలి. నవల వాటిని నేపథ్యంగా స్వీకరించి ముందుకు సాగుతుంది. స్త్రీవాద కథనాల్లో అధిక భాగం ఈ మూడింటి మీదనే నిలబడింది.

ఇది లోపమా? ఒక కోణంలో కాదు. వెళ్లే హక్కే గుర్తింపు పొందని కాలంలో వెళ్లాక అయ్యే ఖర్చును ఏకరువు పెడితే, ఆ జాబితా వెళ్లవద్దని భయపెట్టడానికే పనికివచ్చేది. 'నలుగురూ ఏమనుకుంటారు' అన్న మాట పనిచేయనప్పుడు పెద్దలు ప్రయోగించే రెండో అస్త్రం 'ఎలా బతుకుతావు' అన్నదే కదా. రచయిత్రులు ఆ అస్త్రానికి బలం ఇవ్వదలచుకోలేదు. ఆ జాగ్రత్తను గౌరవించవలసిందే. కాని నలభై ఏళ్లు గడిచాక అదే జాగ్రత్త మౌనంగా స్థిరపడింది. విమర్శ ఆ మౌనాన్ని గుర్తించకుండా 'నిష్క్రమణ' అనే ఒక్క క్షణాన్నే పదేపదే విశ్లేషించింది. మన పరిశోధనాంశాల శీర్షికలు తిరగేస్తే స్త్రీ చైతన్యం, స్త్రీ అస్తిత్వం, స్త్రీ స్వేచ్ఛ కనిపిస్తాయి. స్త్రీ మనోవర్తి అరుదు.

న్యాయశాస్త్ర చరిత్రలోనూ ఇటువంటి పోకడే కనిపిస్తుంది. టి. సరిత, టి. వెంకటసుబ్బయ్యల కేసులో 1983లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు న్యాయమూర్తి పి.ఎ. చౌదరి, దాంపత్య హక్కుల పునరుద్ధరణకు వీలు కల్పించే హిందూ వివాహ చట్టం 9వ సెక్షన్ రాజ్యాంగ విరుద్ధమని తీర్పు చెప్పారు. ఇష్టంలేని సంసారానికి స్త్రీని పంపే అధికారం రాజ్యానికి లేదన్న ఆ తీర్పు చదువుతుంటే స్త్రీవాద నవలకు తోబుట్టువులా అనిపిస్తుంది. మరుసటి ఏడాదే సుప్రీంకోర్టు సరోజ్ రాణి కేసులో ఆ సెక్షన్‌ను నిలబెట్టింది. సరిత కేసు పేరు పొందినంతగా, అన్నవస్త్రాల కోసం సాగిన కేసులు సాహిత్య విద్యార్థులకు పరిచయం కాలేదు. అటువంటి కేసు ఒకటి దర్శికి దగ్గరలోనే మొదలైంది. దాని ప్రస్తావన ముందు వస్తుంది.

3. వెండితెర చెప్పిన తీర్పు:

నవల మౌనంగా ఉన్నచోట సినిమా మాట్లాడింది. కాని దాని మాటే ఎక్కువ హాని చేసిందని నా అభిప్రాయం. 1966లో ఏవీఎం వారు కృష్ణన్-పంజు దర్శకత్వంలో తీసిన 'లేత మనసులు'లో సంపన్నురాలైన అత్తగారి అహంకారం వల్ల భార్యాభర్తలు విడిపోతారు. కవల ఆడపిల్లల్లో ఒకరు తండ్రి దగ్గర, ఒకరు తల్లి దగ్గర పెరుగుతారు. కుట్టి పద్మిని ద్విపాత్రాభినయం చేసిన ఆ పిల్లలు స్థానాలు మార్చుకొని పెద్దలను కలుపుతారు. ఎరిక్ కాస్ట్నర్ జర్మన్ నవల నుంచి హాలీవుడ్ మీదుగా, తమిళం మీదుగా తెలుగుకు వచ్చిన కథ ఇది. మూల నవల 1949లో, యుద్ధానంతర జర్మనీలో, విడాకులు పొందిన తల్లి ఉద్యోగం చేసుకుంటూ బిడ్డను పెంచడాన్ని మామూలు విషయంగా చూపింది. మన తెరకు వచ్చేసరికి విడిపోవడం పెద్దల దుర్బుద్ధిగా, పిల్లల కర్తవ్యం పెద్దలను కలపడంగా మిగిలాయి. పిల్లలను తలా ఒకరిని పంచుకోవడం ఆ తోబుట్టువులకు చేసిన అన్యాయం కాదా అని సినిమా అడగదు. ఆ పంపకం లేకపోతే కథే లేదు మరి.

ఎస్.వి. కృష్ణారెడ్డి 'శుభలగ్నం' (1994) మరొక అడుగు వేసింది. కోటి రూపాయలకు భార్య భర్తను మరొకరికి అప్పగించడం దాని కథ. విడాకుల సందర్భంలో డబ్బు ఇంత బాహాటంగా చర్చకు వచ్చిన ప్రజాదరణ పొందిన తెలుగు కథనం మరొకటి నాకు తోచడం లేదు. ఆ డబ్బు వచ్చిన తీరు చూడండి: అది ఆమె శ్రమకు ప్రతిఫలం కాదు, పిల్లల పోషణకు కేటాయింపు కాదు, అత్యాశకు ముట్టిన ధర. విడాకులప్పుడు డబ్బు అడిగే ఆడది మొగుణ్ణి అమ్ముకునేదన్న భావానికి ఆ సినిమా హాస్యంతో, కన్నీళ్లతో ఆమోదముద్ర వేసింది. రచ్చబండ దగ్గర మనోవర్తి అడిగిన స్త్రీని 'డబ్బు కోసమే వేసింది కేసు' అనడం కొత్తగా పుట్టిన మాట కాదు. కాని ఆ మాటకు అంత జనరంజకమైన కథ దొరకడం 1994లో జరిగింది.

4. దర్శి మెట్టలో దాంపత్యపు ఆదాయవ్యయాలు:

ఈ కథనాలన్నీ ఊహించుకున్న సంసారం ఒకటుంది. అందులో భర్తకు నెలజీతమో వ్యాపారమో ఉంటుంది, ఇల్లు అతనిది, భార్య గృహిణి లేదా ఉద్యోగిని. దర్శి చుట్టుపక్కల గ్రామాల్లో ఈ ఊహ నిలవదు. నాగార్జునసాగర్ కుడికాలువ నీరు అందినచోట వరి, అందనిచోట కంది, పత్తి, మిరప, పొగాకు పండే ప్రాంతమిది. ఇక్కడి సంసారానికి ఆదాయం నెలనెలా రాదు. పత్తి తీతలు శరదృతువులో మొదలవుతాయి. మిరప కోతలు సంక్రాంతి తరువాత ఊపందుకొని వేసవి దాకా సాగుతాయి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా చేతిలో డబ్బు ఉండదు సరికదా, విత్తనాలకు, ఎరువులకు, పురుగుమందులకు అప్పు పుట్టించుకోవలసిన కాలం. బడి ఫీజులు కట్టవలసింది సరిగ్గా అప్పుడే. మిరప ధర ఏడాదికేడాది ఎంత మారుతుందో చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు: ధర పడిపోయి 2025 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం మార్కెట్ జోక్య పథకం కింద క్వింటాలుకు 11,781 రూపాయలు నిర్ణయించవలసి వచ్చింది. రెండేళ్ల కిందట అదే మిరపకు ఇరవై వేలకు మించి పలికింది. ఇటువంటి ఇంట్లో 'నెలకు ఇంత' అని రాసిన మనోవర్తి ఉత్తర్వు ఏ నెలలో అమలవుతుంది, ఏ నెలలో బాకీ పడుతుంది అన్నది పంట క్యాలెండరు చూస్తే తెలిసిపోతుంది.

భూమి తరచు మామగారి పేరిట ఉంటుంది. సాగుచేసేదాంట్లో కొంత నోటిమాట మీద తీసుకున్న కౌలు, కాగితం ఉండదు. కోల్డ్ స్టోరేజిలో దాచిన మిరప టిక్కీలు ధర కోసం ఎదురుచూస్తుంటాయి. అవి ఎవరి పేరిట ఉన్నాయో బయటివారికి తెలియదు. కాబట్టి భర్తకు ఆదాయం లేదని చెప్పడం ఇక్కడ తేలిక. కొన్నిసార్లు అది నిజం కూడా. కౌలుకు చేసి రెండేళ్లు వరసగా నష్టపోయిన రైతు తనకే తిండి గడవక కోర్టు మెట్లెక్కుతాడు. అతణ్ణి విలన్‌గా చూపే కథ ఎంత అసత్యమో, ఆ పేదరికాన్ని అడ్డం పెట్టుకొని కోల్డ్ స్టోరేజి రసీదును దాచేవాణ్ణి విడిచిపెట్టే కథ కూడా అంతే అసత్యం.

ఇక బంగారం. ఈ ప్రాంతపు వ్యవసాయానికి పెట్టుబడి సమకూర్చేది చాలావరకు ఆడవాళ్ల మెడలోని బంగారమే. పెట్టుబడి కాలంలో తాకట్టుకు వెళుతుంది, పంట చేతికొస్తే తిరిగి వస్తుంది. స్త్రీధనం భార్యకు మాత్రమే చెందిన ఆస్తి, పెళ్లయినంత మాత్రాన అది ఉమ్మడిది కాదని సుప్రీంకోర్టు ప్రతిభారాణి కేసులో 1985లోనే స్పష్టం చేసింది. కాని తాకట్టులో ఉండగా సంసారం విరిగితే, ఆ నగ పురుగుమందుగా మారి చేనులో ఇంకిపోయి ఉంటుంది. దాన్ని అపహరణ అనలేము. అలాగని ఆమెకు ఇవ్వవలసింది లేదనీ అనలేము. దీనికి తోడు డ్వాక్రా సంఘం అప్పు. అప్పు ఆమె పేరిట, ఖర్చు అతని చేనులో, వాయిదా సంఘంలోని తోటి స్త్రీల ఎదుట. పుట్టింటికి వచ్చేసిన మనిషి వెంట ఆ వాయిదా కూడా వస్తుంది. ఆమె పసుపు కుంకుమ కింద తెచ్చిన ఎకరం, ఆమె ఏళ్ల తరబడి కూలి లేకుండా కోసిన మిరప, కల్లంలో ఆరబెట్టిన పని ఏ లెక్కలోకి వస్తాయో చెప్పే కథ ఈ నేల మీద నుంచి రావలసి ఉంది.

దాంపత్య కాలంలో సమకూరిన ఆస్తిలో భార్యకు వాటా కల్పించే నిబంధన హిందువుల వివాహ చట్టంలో నేటికీ లేదు. అందుకు ఉద్దేశించిన సవరణ బిల్లును 2013లో రాజ్యసభ ఆమోదించినా, లోక్‌సభ రద్దుతో అది మురిగిపోయింది. అందువల్ల ఆమెకు మిగిలినవి భరణం, మనోవర్తి మాత్రమే.

5. అఫిడవిట్‌ను పాఠంగా చదవడం:

1970లో ప్రకాశం జిల్లా ఏర్పడే వరకు దర్శి నెల్లూరు జిల్లాలో ఉండేది. ఆ జిల్లాలోనే, నెల్లూరు మునసబు కోర్టులో, 1944లో తులసమ్మ అనే వితంతువు మనోవర్తి కోసం దావా వేసింది. భర్త 1931లోనే పోయాడు. ఉమ్మడి కుటుంబానికి భూములున్నాయి. ఆమె మాత్రం కోర్టు రుసుము కట్టలేని పేదరాలిగా దావాకు అనుమతి కోరవలసి వచ్చింది. 1949లో రాజీ కుదిరి, అనుభవించడానికి మాత్రమే కొంత ఆస్తి దక్కింది. దాంట్లో కొంత ఆమె అమ్మగా మరిది శేషారెడ్డి అభ్యంతరం చెప్పాడు. 1977లో సుప్రీంకోర్టు, మనోవర్తి హక్కుకు బదులుగా వచ్చిన ఆస్తి హిందూ వారసత్వ చట్టం 14(1) ప్రకారం ఆమెకు సంపూర్ణ ఆస్తి అవుతుందని తేల్చింది. ఆమె వితంతువు, విడాకులు పొందినది కాదు. అయినా ఈ తీర్పు మన చర్చకు కీలకమైనది: మనోవర్తి దయ కాదు, కుటుంబ ఆస్తిలో ముందునుంచీ ఉన్న హక్కు అని అది నిలబెట్టింది. ముప్పైమూడేళ్ల ఆ వ్యాజ్యంలో ఒక పెద్ద నవలకు సరిపడే సరుకు ఉంది.

2020 నవంబరులో సుప్రీంకోర్టు రజనీష్, నేహాల కేసులో మనోవర్తి వ్యాజ్యాల్లో ఇరుపక్షాలూ ఆస్తి అప్పుల అఫిడవిట్ దాఖలు చేయాలని, దరఖాస్తు చేసిన తేదీ నుంచే మనోవర్తి చెల్లించాలని నిర్దేశించింది. వ్యవసాయదారులకు వేరే నమూనా ఇచ్చింది. భూమి ఎంత, అందులో వాటా ఎంత, మాగాణా మెట్టా, ఏ పంటలు వేస్తారు, గత మూడేళ్ల ఆదాయం ఎంత, కౌలుకు తీసుకున్న భూమి ఉందా, గేదెలు, ఆవులు, మేకలు ఉన్నాయా, భూమి మీద అప్పెంత అని ఆ నమూనా అడుగుతుంది. సాహిత్య విద్యార్థి ఈ నమూనాను ఒకసారి పాఠంగా చదవాలి. ఒక రైతు సంసారాన్ని చిత్రించదలచిన వాస్తవిక నవలాకారుడు ముందుగా వేసుకోవలసిన ప్రశ్నలే అవి. విశేషించి, 'మూడేళ్లు' అనడంలో మెట్ట వ్యవసాయపు హెచ్చుతగ్గులను గుర్తించిన వివేకం ఉంది. మన విడాకుల నవల ఇంతవరకు అడగని ప్రశ్నలను ఒక కోర్టు ఫారం అడిగింది. కొంచెం సిగ్గుపడవలసిన విషయమే.

ఆ ఫారానికీ పరిమితులున్నాయి. ఆస్తి ఎవరి పేరిట ఉందో అది అడుగుతుంది. ఎవరి శ్రమతో నిలిచిందో అడగదు. తాకట్టు నగ చేనులో ఇంకిన తీరు దాని గడుల్లో ఇమడదు. మాట రాని కౌలు మాటగానే ఉండిపోతుంది. అమలు దగ్గర మరో చిక్కు. మనోవర్తి చెల్లించని వ్యక్తిని జైలుకు పంపవచ్చు; జైలుకు వెళ్లినంత మాత్రాన బాకీ తీరిపోదని 1989లో కుల్దీప్ కౌర్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కాని వారంటు కోరడానికి బాకీ పడిన నాటి నుంచి ఏడాది గడువే ఉంది. పంట పోయిన ఏడు 'వచ్చే ఏడు చూద్దాం' అని పెద్దమనుషులు సర్దిచెప్పే మాటకు ఆమె తలూపితే ఆ గడువు దాటిపోతుంది. ఫారం వదిలిన ఈ సందుల్లోనే కథకు చోటుంది. భర్త మనసు, భార్య మనసు అని మాత్రమే కాక, చేను, నగ, రసీదు, వాయిదా అనేవాటిని పాత్రల వలె నడిపించగల కథకుడు కావాలి.

6. వారసుడా, బిడ్డా?

డబ్బు ప్రశ్న కంటే క్లిష్టమైనది పిల్లల ప్రశ్న. 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం తండ్రినే మొదటి సహజ సంరక్షకుడిగా చెప్పింది; అయిదేళ్లలోపు బిడ్డ మామూలుగా తల్లి దగ్గర ఉండాలన్నది. 1999లో గీతా హరిహరన్ కేసులో సుప్రీంకోర్టు, 'తండ్రి తరువాత తల్లి' అన్న మాటకు తండ్రి మరణించాకనే అని అర్థం చెప్పనక్కరలేదని వివరించి తల్లికి చోటు కల్పించింది. ఏ వివాదంలోనైనా బిడ్డ సంక్షేమమే ప్రధానమన్నది సూత్రం. పల్లెలో రాజీ కుదిర్చే పెద్దల భాష మాత్రం వేరు. అక్కడ కొడుకు పొలానికి వారసుడు, కూతురు పెళ్లి ఖర్చు. కొడుకు కోసం పట్టుబట్టే తండ్రి కూతురి ఫీజు మాట వచ్చేసరికి మౌనం వహిస్తే, సంరక్షణ అన్న పదం వెనుక వారసత్వం నిలిచి ఉందని గ్రహించాలి.

ఈ భేదాన్ని తెలుగు కథ ఒకచోట పట్టుకుంది. ఆ కథ రామాయణ నేపథ్యంలోది కావడం యాదృచ్ఛికం కాదు. భర్త విడిచిన తల్లి అడవిలో బిడ్డలను పెంచడం, ఆ తరువాత తండ్రి వారిని గుర్తించడం అనే కథ తెలుగువారికి 1963 నాటి 'లవకుశ' సినిమా ద్వారా ఇంటింటా తెలుసు. దాన్ని మనం కరుణరసంగా చూశాం; సంతాన సంరక్షణ వివాదంగా చూడలేదు. ఓల్గా 'విముక్త' సంపుటిలోని 'సమాగమం' ఆ చూపును మార్చింది. పిల్లలు తెచ్చిన పూల వెంట సీత శూర్పణఖ తోటకు వెళుతుంది. బిడ్డలు తనవారు కాకుండా రాజ్యపు వారసులు కాబోతున్న తల్లి, తన జీవితాన్ని వారి మీద ఆధారపడకుండా ఊహించుకోవడం నేర్చుకుంటుంది. 'స్వేచ్ఛ'లో నేపథ్యంగా ఉండిపోయిన ప్రశ్న ఇక్కడ కథ మధ్యకు వచ్చింది. నా దృష్టిలో ఓల్గా రచనల్లో ఈ కథకు ఎక్కువ విలువ ఇవ్వవలసింది ఇందుకే. అయినా ఆశ్రమంలో ఆ పన్నెండేళ్లూ ఇద్దరు పిల్లల తిండి ఖర్చు ఎవరు భరించారన్నది పురాణం అడగదు, పునఃకథనమూ అడగదు. వాల్మీకి ఆశ్రమం చేసిన పనిని దర్శి పల్లెల్లో అమ్మమ్మ ఇల్లు చేస్తుంది. తల్లి కూలికో, ఒంగోలులోనో హైదరాబాదులోనో ఉద్యోగానికో వెళితే బిడ్డ అమ్మమ్మ దగ్గర పెరుగుతుంది. ఆ వృద్ధురాలి పింఛను కూడా ఆ బిడ్డ పెంపకంలో భాగమే. ఏ అఫిడవిట్‌లోనూ ఆమెకు గడి లేదు.

బిడ్డ గొంతు సంగతి మిగిలింది. ఈ వ్యాసంలో చర్చించిన పాఠాల్లో పిల్లలు మాట్లాడింది ప్రధానంగా 'లేత మనసులు'లోనే. అక్కడా వాళ్లు అమ్మానాన్నలు కలవాలని మాత్రమే కోరుకుంటారు. 1890 నాటి సంరక్షకుల, ఆశ్రితుల చట్టం, బిడ్డకు వివేకంతో కోరుకునే వయసుంటే ఆ కోరికను కోర్టు పరిగణించవచ్చునని చెప్పింది. అంటే నూటముప్పై ఏళ్లకు పైగా న్యాయమూర్తులు తమ గదిలో పిల్లలను కూర్చోబెట్టుకొని 'నువ్వు ఎవరి దగ్గర ఉంటావు' అని అడుగుతున్నారు. ఆ ప్రశ్నకు పదేళ్ల పిల్ల వెంటనే జవాబు చెప్పదు. అమ్మ దగ్గరుంటే బడి మారుతుంది, నాన్న దగ్గరుంటే తమ్ముడుంటాడు, నాయనమ్మ ఇంట్లో తాను పేరు పెట్టిన దూడ ఉంది, అమ్మమ్మకు కళ్లు సరిగా కనపడవు. ఇవన్నీ ఆ పిల్ల ఒక్క నిమిషంలో బేరీజు వేసుకుంటుంది. తీర్పులో ఆ నిమిషం 'బిడ్డ అభిప్రాయం తెలుసుకోవడమైనది' అన్న ఒక్క వాక్యమై మిగులుతుంది.